బాలింతను ఆ పది ప్రశ్నలు అడగాలా, వద్దా?

శైలజ సిస్టర్:
టీకాలకు వచ్చే ప్రతి బాలింతనూ ఎడిన్‌బరో స్కేల్ ప్రశ్నలు అడగాలని నా వాదన. కాన్పు తర్వాత డిప్రెషన్ ఉందేమో పసిగట్టే ప్రశ్నాపత్రం అది. 1987లో బ్రిటన్‌లో తయారైంది. పది ప్రశ్నలే, అవీ గడిచిన ఏడు రోజుల గురించి. మొత్తం 30 మార్కులు. 13 గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టరు కూర్చోబెట్టి మాట్లాడాలి. మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలను కలిపి 2017లో ఒక సమీక్ష వేశారు. అందులో 22 శాతం తల్లులకు కాన్పు తర్వాత డిప్రెషన్ ఉన్నట్టు తేలింది. బీపీ చూస్తాం, రక్తం చూస్తాం. మనసు సంగతి అడిగేవాళ్లు లేరు.

లెక్కల మాస్టారు:
ఆ 22 దగ్గర ఆగండి. కాన్పయిన రెండు వారాల్లోపు కొలిచిన అధ్యయనాలు తీసేస్తే అదే సమీక్షలో అది 19కి దిగింది. ఆసుపత్రుల్లో చూస్తే 23, ఊళ్లలోకి వెళ్లి చూస్తే 17. పైగా ఇది జల్లెడ మాత్రమే, జబ్బు తేల్చే పరీక్ష కాదు.

సత్యవతి, తెనాలి:
మా రోజుల్లో పుట్టింట్లో పురుడు పోసి, ఒళ్లంతా నూనె పట్టించి, వేడినీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేసేవాళ్లు. వెల్లుల్లి కారం ముద్ద పెట్టి పడుకోమనేవాళ్లు. మూడో నెల దాకా గడప దాటనిచ్చేవాళ్లు కాదు. ఇంత డిప్రెషన్ అప్పుడెక్కడుంది?

పూర్ణిమ_22:
సత్యవతి గారూ, ఆ వెల్లుల్లి కారం నేనూ తిన్నాను. ఐదో నెల దాకా పుట్టింట్లోనే ఉన్నాను. పాప నిద్రపోయినా నాకు కన్ను మూతపడేది కాదు. చూడ్డానికొచ్చిన ప్రతి ఒక్కరూ ‘పాలు చాలుతున్నాయా’ అనేవాళ్లే. నేనెలా ఉన్నానని అడిగిన మనిషి లేదు.

రవి_హైదరాబాద్:
తండ్రుల మాటేమిటి? సుమారు పది శాతం తండ్రుల్లోనూ డిప్రెషన్ ఉందని 2010లో ఒక పెద్ద సమీక్ష చెప్పింది. తల్లికి చట్టం 26 వారాల సెలవిచ్చింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి 15 రోజులు ఇస్తారు. ప్రైవేటులో నాకు దక్కింది మా మేనేజరు దయ. రాత్రంతా బాబుని ఎత్తుకుని తిరిగి, పొద్దున్నే కాల్‌లో కూర్చునేవాణ్ని. ఆ టెన్షన్ ఎవరికి చెప్పుకోవాలి?

కొబ్బరాకు:
ఇక మగాళ్లకీ పథ్యం వండాలన్నమాట.

లెక్కల మాస్టారు:
రవి గారి పది కూడా ఎక్కువగా ఇలాంటి ప్రశ్నాపత్రాలతో తేల్చిందే. మళ్లీ అదే పేచీ. సరే, 13 దాటిందే అనుకుందాం. ఎక్కడికి పంపుతారు? మా మండలంలో మనసు డాక్టరు లేడు.

శైలజ సిస్టర్:
డాక్టరే ఉండాలని లేదు మాస్టారూ. పాకిస్తాన్‌లో రావల్పిండి దగ్గర పల్లెల్లో మన ఆశా వర్కర్లలాంటి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి, డిప్రెషన్ ఉన్న గర్భిణుల ఇళ్లకు పంపారు. బిడ్డకు ఆరో నెల వచ్చేసరికి వాళ్లలో 23 శాతం మందికే డిప్రెషన్ మిగిలింది. ఆ శిక్షణ లేని చోట 53. 2008లో అచ్చయింది. మనకు మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ సేవ టెలి మానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు.

పూర్ణిమ_22:
ఎవరు అడుగుతారన్నదే కాదు, ఎవరి ముందు అడుగుతారన్నది కూడా చూడండి. నన్నూ అడిగారు. అప్పటికి అత్తగారింటికి వచ్చేశాను. మా అత్తగారు మంచం మీద నా పక్కనే కూర్చుంది. పదో ప్రశ్న తనకు తానే హాని చేసుకోవాలనిపించిందా అని. వచ్చినావిడ తలెత్తకుండానే ‘అలాంటివేం లేవు కదమ్మా’ అంది. నేను నోరు తెరిచేలోపే మా అత్తగారు ‘మా ఇంట్లో ఏం తక్కువని’ అనేసింది. టిక్కు పడిపోయింది.

సత్యవతి, తెనాలి:
అదుగో, వచ్చేశారు అసలు సంగతికి! అన్నిటికీ అత్తే. నా కోడలు వాళ్లమ్మతో ఫోన్లో ఏడిస్తే వీధి వీధంతా నన్ను రాచిరంపాన పెట్టేదాన్ని చేసింది. ఆ పిల్లకి పెరుగన్నం కలిపి పెట్టింది నేను. రాత్రిళ్లు బిడ్డని నా పక్కలో వేసుకున్నది నేను. రేపు మీ కాగితం మీద 15 అని పడితే ఆ మార్కులు ఎవరికి? కోడలికా, నాకా?

పూర్ణిమ_22:
మీ పేరు నేనెత్తలేదు.

సత్యవతి, తెనాలి:
ఎత్తక్కర్లేదమ్మాయ్, అర్థమవుతూనే ఉంది.

శైలజ సిస్టర్:
ఇంటి పాత్ర లేదని నేను అబద్ధం చెప్పను. గోవాలో 270 మంది తల్లులను చూసి 2002లో రాశారు. పేదరికం, భర్త చేతి దెబ్బలు, కొడుకు కావాలనుకున్న చోట కూతురు పుట్టడం, ఇవన్నీ డిప్రెషన్‌తో ముడిపడి కనిపించాయి. అలాగని కాగితం మీద పడే అంకె ఎవరి మీదా తీర్పు కాదు. మీలా బిడ్డని పక్కలో వేసుకునే మనిషి ఉండటం ఏ తల్లికైనా అదృష్టమే.

రవి_హైదరాబాద్:
తండ్రుల గురించి ఇంకా ఎవరూ జవాబివ్వలేదు.

సత్యవతి, తెనాలి:
సరే, అడగండి. బయట కూర్చోమంటే కూర్చుంటాను. లోపల కోడలు ఏం చెప్పిందో మాత్రం నాకు చెప్పాలి. ఇల్లు నడిపేది నేను.

శైలజ సిస్టర్:
చెప్పనండి. ప్రాణానికి ముప్పనిపిస్తే ఇంట్లో ఒకరిని పిలుస్తాను. ఎవరిని పిలవాలో మాత్రం ఆ అమ్మాయినే అడుగుతాను.

సత్యవతి, తెనాలి:
అయితే మా ఇంటికి రావద్దు.