అన్నాచెల్లెళ్లను ఈ ఏడాదే జత కట్టించాలా, స్నో మగపాము కోసం ఆగాలా?

కపిలతీర్థం_రోడ్డు (తిరుపతి)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో రెండు కార్న్ స్నేకులు (విషం లేని అమెరికా పాములు) ఉన్నాయి, ఒకే విడత గుడ్లలో పుట్టిన అన్నాచెల్లెళ్లు. తండ్రి అమెల్, అంటే ఒంట్లో నలుపు అసలే లేని ఎరుపు-నారింజ పాము. తల్లి అనెరీ, ఎరుపు లేని బూడిద పాము. నా దగ్గరున్న రెండూ చూడటానికి మామూలు రంగే గానీ, ఆ రెండు జన్యువులనూ లోపల మోస్తున్నాయి. రెండూ ఒకే పిల్లలో బయటపడితే స్నో వస్తుంది: తెల్లని ఒంటి మీద లేత గులాబీ మచ్చలు. మూడేళ్లుగా నేను ఎదురుచూస్తున్నది ఆ పిల్ల కోసమే.

ఆడదానికి వచ్చే జూన్‌కు మూడేళ్లు నిండుతాయి. నిన్న తూచితే 286 గ్రాములు ఉంది. నవంబరు వచ్చేసింది, చలికాలపు విశ్రాంతికి (జతకు ముందు కొన్ని వారాలు చల్లగా, చీకట్లో ఉంచడం) పెట్టాలంటే ఇప్పుడే తేల్చుకోవాలి. మార్చిలో ఈ రెండింటినే కలపడం ఒక దారి. ఒక మిత్రుడు తన స్నో మగపామును వచ్చే ఏడాది కొన్నాళ్లు ఇస్తానన్నారు, అంతవరకు ఆగడం రెండో దారి. మీరైతే ఏం చేస్తారు? కారణాలు కూడా చెప్పండి.

గాంధీరోడ్డు_చిత్తూరు

ఈ ఏడాదే కలపండి. అన్నాచెల్లెళ్లు అనగానే చాలామంది ఉలిక్కిపడతారు, అది మనుషుల లెక్క. ఈ రోజు ప్రపంచంలో ఉన్న అమెల్ పాముల చరిత్ర చూడండి. 1950లలో నార్త్ కరోలినా అడవిలో దొరికిన ఒకే ఒక్క పాము నుంచి ఆ రంగును నిలబెట్టారు. దాని పిల్లలు మామూలు రంగులో పుట్టాయి, దగ్గరి బంధువులను మళ్లీ కలిపితేనే ఎరుపు తిరిగి బయటపడింది. దాగిన రంగును బయటికి తేవాలంటే అది మోస్తున్న రెండు పాములు కావాలి, అవి మీ ఇంట్లోనే ఉన్నాయి.

బయటి మగపాము గురించి ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. అరువు తెచ్చిన పాముతో పాటు దాని జబ్బు కూడా వస్తుంది. క్రిప్టో అనే జీర్ణాశయపు జబ్బు పైకి ఏమీ కనిపించకుండానే నెలల తరబడి పాములో ఉండిపోతుంది, దానికి నమ్మకమైన మందు లేదు. నా స్నేహితుడొకరు జత కోసం తెచ్చిన మగపాము వల్ల తన సొంత పాములు నాలుగింటిని పోగొట్టుకున్నాడు. మీ రెండు పాములూ పుట్టినప్పటి నుంచి ఒకే గదిలో ఉన్నాయి. అంతకంటే శుభ్రమైన జత మీకు ఎక్కడా దొరకదు.

పాలమనేరు_సుమతి

జబ్బు గురించి గాంధీరోడ్డు గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మిగిలినదాంతో నేను ఏకీభవించను.

ముందు లెక్క చూద్దాం. మీ రెండు పాముల మధ్య ప్రతి గుడ్డుకూ స్నో వచ్చే అవకాశం 16లో 1. 16 గుడ్లలో సుమారుగా 9 మామూలు రంగు, 3 అమెల్, 3 అనెరీ, 1 స్నో. ఇది సగటు మాత్రమే, ప్రతి విడతా ఇలాగే ఉంటుందని ఎవరూ రాసివ్వలేదు. మీ ఆడది మొదటిసారి 14 గుడ్లు పెట్టిందనుకోండి. ఒక్క స్నో కూడా లేకుండా అన్నీ పొదిగే అవకాశం నూటికి 40. ఐదింట రెండు సార్లు మీకు మిగిలేది నిరాశే.

అదే ఆడదానికి స్నో మగపామును కలిపితే ప్రతి గుడ్డుకూ అవకాశం 4లో 1. అవే 14 గుడ్లలో ఒక్క స్నో కూడా రాకపోవడం నూటికి 2 సార్లే. పైగా అందులో పుట్టే మామూలు రంగు పిల్లలన్నీ రెండు జన్యువులనూ కచ్చితంగా మోస్తాయి, కొనేవారికి ధైర్యంగా ఆ మాట చెప్పవచ్చు. అన్నాచెల్లెళ్ల పిల్లల్లో ఆ ధైర్యం ఉండదు. మామూలు రంగు 9 పిల్లల్లో 4 మాత్రమే రెండూ మోస్తాయి, ఏ నాలుగో చూసి చెప్పలేం. వాటిని ‘66 శాతం హెట్’ అని రాసి అమ్ముతారు, అంటే ఒక్కో జన్యువునూ లోపల మోస్తూ ఉండే అవకాశం నూటికి 66. కొన్నవారు మూడేళ్లు పెంచి జత కట్టించాక గానీ తమకు దక్కింది ఏమిటో తెలియదు.

ఇక మేనరికం సంగతి. మన వైపు ఇళ్లలో మేనరికాలు ఎన్ని జరిగాయో, డాక్టర్లు ఎందుకు వద్దంటున్నారో అందరికీ తెలుసు. పాముల్లోనూ జన్యువు పని అదే. తాతా అవ్వల్లో ఒక పాము ఏదో ఒక లోపాన్ని దాచుకుని ఉందనుకోండి. అది మీ పాముల తల్లికో తండ్రికో చేరి ఉంటే, ఈ రెండింటిలో ఒక్కోదానికి వచ్చే అవకాశం సగం. రెండింటికీ వచ్చి ఉంటే వాటి పిల్లల్లో నాలుగింట ఒకటి ఆ లోపంతోనే పుడుతుంది. రంగును బయటికి తెచ్చే దారి, లోపాన్ని బయటికి తెచ్చే దారి వేరు వేరు కావు.

ఇది ఊహ కాదు. కార్న్ స్నేకుల్లో సన్‌కిస్డ్ అనే రంగు వంశాల్లో స్టార్‌గేజర్ అనే నరాల లోపం బయటపడింది. మోసే పాము పూర్తి ఆరోగ్యంగా కనిపిస్తుంది. అలాంటి రెండు కలిసినప్పుడు పుట్టే పిల్లల్లో కొన్ని తల వెనక్కి విరిచి ఆకాశం చూస్తున్నట్టు ఉంటాయి, నేరుగా పాకలేవు. రంగు చూసి వంశాలను అల్లుకుంటూ పోయినవారికి అది చాలా ఆలస్యంగా తెలిసింది. మీ పాముల తాతలెవరో మీకు తెలుసా?

పుంగనూరు ఆవును చూస్తూ పెరిగినదాన్ని కాబట్టి ఈ విషయం నాకు మనసుకు దగ్గర. మా ఊరి పశు పరిశోధన కేంద్రంలో ఆ జాతిని కాపాడుతున్నారు. పుట్టిన ప్రతి దూడకూ తల్లి ఎవరు, తండ్రి ఎవరు అని రాసుకోకుండా ఏ జాతినీ నిలబెట్టలేం. పొట్టిదనం ఒక్కటే చూసి కొనేవారికి ఆ పుస్తకం విలువ తెలియదు.

తలకోన_వాన

రంగు లెక్కలు బాగున్నాయి. మే నెల గురించి ఎవరూ మాట్లాడలేదు.

మార్చిలో కలిపితే గుడ్లు ఏప్రిల్ చివరలోనో మే మొదట్లోనో వస్తాయి. పొదగడానికి 27, 28 డిగ్రీల దగ్గర రెండు నెలలు పడుతుంది. అంటే ఆ గుడ్లు రోహిణి కార్తెను దాటాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మనవాళ్లు ఊరికే అనలేదు. తిరుపతిలో మా గది ఆ రోజుల్లో మధ్యాహ్నం 36కు తగ్గదు. దుకాణంలో కొనే ఇంక్యుబేటర్ వేడి చేస్తుంది, అంతే. థర్మోస్టాట్ హీటరును ఆపగలదు గానీ గదిని చల్లబరచలేదు. బయట 36 ఉంటే లోపలా 36 ఉంటుంది. 32 దాటి రోజుల తరబడి నిలిస్తే పిల్లలు వెన్ను వంకరతో పుడతాయి, లేదా గుడ్డులోనే చనిపోతాయి.

నేను రెండేళ్ల కిందట ఈ దెబ్బ తిన్నాను. 12 గుడ్లు. తేమను పట్టి ఉంచే వర్మిక్యులైట్ పొడిలో సగం వరకు పాతి, పైభాగం మారిపోకుండా ఒక్కోదాని నెత్తిన పెన్సిలుతో చుక్క పెట్టాను. మూడో వారంలో చీకట్లో ఫోను లైటు పెట్టి చూస్తే లోపల ఎర్రటి నరాలు చెట్టు కొమ్మల్లా పాకి ఉన్నాయి, 11 గుడ్లలో ప్రాణం ఉంది. మే 20 ప్రాంతంలో గాలివానకు కరెంటు పోయి మర్నాటి సాయంత్రానికి వచ్చింది. ఇన్వర్టరు మీద ఏసీ నడవదు. తర్వాతి వారం ఒక్కో గుడ్డూ చెమ్మ కారి, పసుపు రంగుకు తిరిగి, లోపలికి కుంగిపోయింది. చివరికి పొదిగినవి 3. అందులో ఒకదాని తోక మెలితిరిగి ఉంది.

గుడ్లను మందపాటి థర్మోకోల్ పెట్టెలో ఉంచి, చుట్టూ నీళ్ల సీసాలు పేర్చి, ఏసీ గదిలో పెట్టండి. నీరు వేడిని ఆలస్యంగా పుచ్చుకుంటుంది, నాలుగైదు గంటల కోతను అది కాస్తుంది. ఒక రోజంతా కరెంటు పోతే ఏం చేస్తారన్నది మాత్రం గుడ్లు రాకముందే తేల్చుకోండి.

కపిలతీర్థం_రోడ్డు

తలకోన గారూ, ఇది నేను అసలు ఆలోచించలేదు. ఇంక్యుబేటర్ కొనేశాను కూడా. చలికాలపు విశ్రాంతికి కూడా ఇదే చిక్కు కదా? డిసెంబరు రాత్రుల్లో కూడా మా గది 22 దగ్గరే ఉంటుంది.

గాంధీరోడ్డు_చిత్తూరు

దానికి అంత భయం అక్కర్లేదు. వాటి సొంత దేశంలో చలికాలం 10-13 డిగ్రీలకు దిగుతుంది, పెంచేవారు అదే అనుకరిస్తారు. కానీ ఏసీని 16-18లో ఉంచి ఎనిమిది వారాలు చీకట్లో పెట్టినా మా చిత్తూరులో జతలు కుదిరాయి. కొందరు అసలు చల్లబరచకుండానే గుడ్లు తీస్తున్నారు. ఒక్కటి మాత్రం మరవకండి: చలికి పెట్టే ముందు రెండు వారాలు మేత ఆపాలి. కడుపులో ఎలుక మిగిలి ఉంటే చలిలో అరగక అక్కడే కుళ్లుతుంది. నీళ్ల గిన్నె మాత్రం ఎప్పుడూ ఉండాలి.

అలిపిరి_నడక

నేను పాములు పెంచను. ఇళ్లలోకి వచ్చిన పాములను పట్టి అడవి అంచున వదిలే పనిలో అటవీ సిబ్బందికి తోడు వెళుతుంటాను. మొన్న నాగుల చవితికి పుట్టలో పాలు పోసిన వీధిలోనే మూడో రోజున ఒక జెర్రిపోతును కర్రలతో కొట్టి చంపారు. ఆరడుగుల పాము, విషం లేనిది, ఆ వీధి ఎలుకలను తిని బతికేది. మీ కార్న్ స్నేకును అమెరికాలో ఎర్ర రాట్ స్నేక్ అని కూడా అంటారు. బతుకు తీరులో మన జెర్రిపోతుకు వరస అయినది. మనదాన్ని చంపి, వాళ్లదాన్ని రంగుల కోసం పెంచడం నాకు బాధగా ఉంది.

ఇంకో ప్రశ్న. 14 పిల్లలు పుట్టాక 13 మీకు అక్కర్లేని రంగులో ఉంటే అవి ఎక్కడికి పోతాయి? విసిగినవారు కొండ కింద వదిలేస్తే? కేమన్ దీవుల్లో ఇలా బయట నుంచి వచ్చిన కార్న్ స్నేకులు స్థిరపడిపోయాయి. శేషాచలంలో అది జరగకూడదు. ఇక్కడ బంగారు బల్లి లాంటి అరుదైన ప్రాణులు ఉన్నాయి.

పాలమనేరు_సుమతి

అలిపిరి గారి రెండో ప్రశ్న ఈ చర్చలో మొదట రావలసినది. నేను లెక్కలతో మొదలుపెట్టాను, పిల్లలతో మొదలుపెట్టవలసింది.

నా మొదటి విడతలో 11 పుట్టాయి. పుట్టిన వారం పది రోజులకు మొదటి కుబుసం విడుస్తాయి, ఆ తర్వాతే మేత. అగ్గిపుల్ల కంటే కాస్త లావు ఉండే పిల్ల ముందు అప్పుడే పుట్టిన పింకీ ఎలుకను పెట్టి, డబ్బా మూసి, దీపం ఆర్పి, పొద్దున్నే చూడటం. ఎనిమిది తిన్నాయి, మూడు ముట్టలేదు. ఐదు వారాలు ప్రతి ఐదో రోజూ అదే పని చేశాను. రెండు చివరికి తిన్నాయి. మూడోది ఆరో వారంలో నా అరచేతిలోనే కదలిక ఆపేసింది. 14 పిల్లలకు ఐదారు రోజులకొకటి చొప్పున నెలకు 70కి పైగా పింకీలు కావాలి. తిరుపతిలో అవి ఎవరి దగ్గర దొరుకుతాయో మీరు ఇప్పుడే అడిగి పెట్టుకోవాలి.

ఆ పదింటికీ ఇళ్లు చూడటానికి నాకు ఏడు నెలలు పట్టింది. తీసుకునేవారి పేర్లు ముందే లేకపోతే ఏ రంగు కోసమూ జత కట్టించకూడదన్నది నా పట్టుదల. మిగిలిపోయినవి మీ ఇంట్లో 15 ఏళ్లకు పైగా బతుకుతాయి.

గాంధీరోడ్డు_చిత్తూరు

పిల్లల విషయంలో అక్కతో వాదం లేదు. అక్కర్లేని గుడ్లను మొదటి రోజుల్లోనే ఫ్రీజరులో పెట్టవచ్చు కూడా, నాలుగు గుడ్లు మాత్రమే పొదిగించుకోవడం తప్పు కాదు.

పాలమనేరు_సుమతి

తప్పు కాదు. కానీ 16లో 1 కోసం నాలుగు గుడ్లు పొదిగిస్తే స్నో రావడం నూటికి 23 సార్లే. 4లో 1 అయితే నాలుగు గుడ్లకే నూటికి 68. తక్కువ పిల్లలతో సరిపెట్టుకోవాలంటే కూడా సరైన మగపాము కోసం ఆగాల్సిందే.

కొర్లగుంట_కొత్త

చట్టం ఏమంటుంది? కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేష్‌లో నమోదు చేయాలా?

తలకోన_వాన

వన్యప్రాణి రక్షణ చట్టానికి వచ్చిన 2022 సవరణ, 2024 నిబంధనల ప్రకారం నమోదు కావలసినవి సైట్స్ (వన్యప్రాణుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) జాబితాల్లో ఉన్న విదేశీ జంతువులు. కార్న్ స్నేక్ ఆ జాబితాల్లో లేదు. విదేశం నుంచి తేవాలంటే మాత్రం అనుమతులు కావాలి, కాబట్టి మీ పాము ఎవరి దగ్గర పుట్టిందో చెప్పే కాగితం జాగ్రత్తగా ఉంచుకోండి. జెర్రిపోతును గానీ, ఇక్కడి అడవి పామును గానీ ఇంట్లో పెట్టుకోవడం 1972 చట్టం కింద నేరం.

కపిలతీర్థం_రోడ్డు

అందరికీ ధన్యవాదాలు. రెండు రోజులు ఆలోచించాను. ఈ ఏడాది కలపడం లేదు. అలిపిరి గారి ప్రశ్నకు జవాబుగా తెలిసినవారిని అడిగితే పిల్లలను తీసుకుంటామన్నవారు ఇద్దరే తేలారు. నా ఆడది 300 గ్రాములు కూడా దాటలేదు, గుడ్డు అడ్డం పడితే దాన్ని చూడగల డాక్టరు ఎవరో నాకు ఇంకా తెలియదు.

మిత్రుడి స్నో మగపామును వచ్చే జులైలోనే తెచ్చి, వేరే గదిలో, వేరే నీళ్ల గిన్నెతో, వేరే పటకారుతో మూడు నెలలు విడిగా ఉంచుతాను. గాంధీరోడ్డు గారి జబ్బు భయం నాకూ పట్టుకుంది. వచ్చే మే నెలలో గుడ్లు లేకుండానే థర్మోకోల్ పెట్టె సిద్ధం చేసి, లోపల థర్మామీటరు పెట్టి, రోహిణి కార్తె అంతా రోజుకు మూడుసార్లు రాసుకుంటాను. ఆ అంకెలు ఇక్కడే పెడతాను. 30 దాటితే ఆ మరుసటి ఏడాది కూడా కలపను.

గాంధీరోడ్డు_చిత్తూరు

ఒక ఏడాది పోగొట్టుకుంటున్నారని ఇప్పటికీ నా అభిప్రాయం. అయినా మీ ఇష్టం. ఒక్క హెచ్చరిక: మగపాము తోడు లేకపోయినా ఆ వయసు ఆడది వేసవిలో ఉత్త గుడ్లు పెట్టవచ్చు. పెట్టలేదనుకుని వదిలేయకండి.

పాలమనేరు_సుమతి

అవును. ఏప్రిల్ నుంచి తడి నాచు నింపిన మూత డబ్బా ఒకటి, అది దూరగలిగే రంధ్రంతో లోపల పెట్టండి. కడుపు కింది భాగం ఉబ్బి, మేత మానేసి, కుబుసం విడిచిందంటే పది రోజుల్లో గుడ్లు వస్తాయి. కుబుసం విడిచిన తేదీ గోడ క్యాలెండరు మీదే రాసుకోండి.