సీఎస్‌ఆర్ నిధుల కోసం 40 కంపెనీలకు రాశాం, ఒక్కరూ పలకలేదు

చలివేంద్రం:
నమస్తే అండీ. అనకాపల్లి జిల్లా పరవాడ మండలంలో మాదొక చిన్న సొసైటీ. 2018లో రిజిస్టర్ చేశాం. 12ఎ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతలకు పన్ను మినహాయింపు) ఉన్నాయి. ఏడాది ఖర్చు 9 లక్షల లోపే, అంతా ఊరి చందాలు. బడిపిల్లలకు సాయంత్రం ట్యూషన్లు, ఎండాకాలం చలివేంద్రాలు నడుపుతాం. ఇప్పుడు 12 ప్రభుత్వ బడుల్లో ఆర్‌ఓ ప్లాంట్లు పెట్టించాలని ఉంది. ఫార్మా సిటీ పక్కనే కదా అని 40 కంపెనీల మెయిల్ ఐడీలు పట్టుకుని, 80జీ మినహాయింపు వస్తుందని కూడా రాసి పంపాం. రెండు నెలలైంది, ఉలుకూ పలుకూ లేదు. ఎవరిని, ఎప్పుడు, ఎలా అడగాలి?

పద్దుపుస్తకం:
ఆ 40లో సీఎస్‌ఆర్, అంటే లాభంలో కొంత సమాజానికి ఖర్చు పెట్టాల్సిన బాధ్యత, ఎన్నింటికి ఉందో ముందు తేల్చుకోండి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, కిందటి ఆర్థిక సంవత్సరంలో నెట్‌వర్త్ (అప్పులు పోను మిగిలే ఆస్తి) 500 కోట్లు గానీ, టర్నోవర్ 1,000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ ఉన్న కంపెనీయే గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. పార్ట్‌నర్‌షిప్ ఫర్ములకు ఆ లెక్కే లేదు.

మీరు రాయని సంగతి ఒకటుంది: సీఎస్‌ఆర్-1 (సీఎస్‌ఆర్ పనులు చేసే సంస్థగా నమోదై నంబరు తెచ్చుకునే ఫారం) చేయించారా? 2021 ఏప్రిల్ 1 నుంచి ఆ నంబరు లేని సంస్థ ద్వారా కంపెనీ సీఎస్‌ఆర్ పని చేయించకూడదు. ఎంసీఏ (కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ) పోర్టల్‌లో వేయాలి. సొసైటీ పాన్, రిజిస్ట్రేషన్ పత్రం, 12ఎ, 80జీ ఉత్తర్వులు, బాధ్యుడి డిజిటల్ సంతకం, ప్రాక్టీసులో ఉన్న సీఏ ధ్రువీకరణ కావాలి. పాన్ మీద, సొసైటీ సర్టిఫికెట్ మీద పేరు స్పెల్లింగు ఒకేలా ఉందో లేదో ముందే చూసుకోండి, ఒక్క అక్షరం తేడాకే పని ఆగుతుంది. ఏటా రిజిస్ట్రార్‌కు ఇవ్వాల్సిన కార్యవర్గ జాబితాలు బాకీ ఉంటే అవీ ఇచ్చేయండి.

మూడేళ్ల అనుభవం కూడా అడుగుతారు, అదీ అలాంటి పనిలోనే. ట్యూషన్లు చూపించి నీళ్ల ప్రాజెక్టు అడిగితే అతకదు. మీ చలివేంద్రాలే మీకు ఆధారం. ఏ ఊళ్లో, ఎన్ని రోజులు, రోజుకు ఎన్ని క్యాన్లు, ఎంత ఖర్చు అన్నది వార్షిక నివేదికలో, ఆడిట్ లెక్కల్లో విడి పద్దుగా కనిపించాలి.

ఇక 80జీని ఎరగా వేయకండి. 22 శాతం పన్ను రేటు ఎంచుకున్న కంపెనీకి అసలు ఆ మినహాయింపే రాదు. అది పనికొచ్చేది సీఎస్‌ఆర్ పరిధిలోకి రాని లారీ ఓనర్లకు, మిల్లు యజమానులకు, వాళ్లూ పాత పన్ను విధానంలో ఉంటేనే. నగదు 2,000 దాటినా, సామాను రూపంలో ఇచ్చినా వాళ్లకూ మినహాయింపు రాదు.

గేటుపాస్:
కంపెనీ సాధారణ మెయిల్ (ఇన్ఫో) ఐడీకి పంపింది ఎవరూ చదవరు. సీఎస్‌ఆర్ పాలసీ, కమిటీ సభ్యులు, బోర్డు ఆమోదించిన ప్రాజెక్టులు వెబ్‌సైట్‌లో పెట్టాలని కంపెనీలకు నిబంధన ఉంది. అవి చదవండి. జాతీయ సీఎస్‌ఆర్ పోర్టల్‌లోనూ కంపెనీ పేరుతో వెతకండి. ఒక్కో పనికి ఎంత ఇస్తారు, ఎన్జీవోల ద్వారా చేస్తారా సొంతంగానా అన్నది తెలిసిపోతుంది. 5 లక్షల పనులు చేసే కంపెనీని 40 లక్షలు అడిగితే ఏం లాభం? ఒక చిక్కు: 2022 ఏప్రిల్‌కు ముందు పరవాడ విశాఖపట్నం జిల్లాలోది. పాత ఏళ్లకు ఆ పేరుతోనే వెతకాలి.

ఫార్మా కంపెనీల నిర్ణయం చాలావరకు హైదరాబాద్ హెడ్ ఆఫీసులోనే. కానీ ప్లాంటు చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యమివ్వాలని చట్టమే చెబుతోంది కాబట్టి, ఇక్కడి హెచ్‌ఆర్ లేదా అడ్మిన్ హెడ్ "ఇది మన పక్క ఊరే" అని ఒక మాట రాస్తే ఫైలు కదులుతుంది. ముందు ఆయన్ను కలవండి. ఎన్టీపీసీ సింహాద్రి లాంటి ప్రభుత్వ సంస్థలనైతే యూనిట్‌లోని సీఎస్‌ఆర్ విభాగంలోనే అడగొచ్చు. దర్పణ్ ఐడీ (నీతి ఆయోగ్ పోర్టల్‌లో ఎన్జీవోలకిచ్చే నంబరు) సిద్ధంగా పెట్టుకోండి.

ఏడాది ప్రణాళిక ఆర్థిక సంవత్సరం మొదట్లో బోర్డుకు వెళ్తుంది. అంటే మీ ప్రతిపాదన జనవరి, ఫిబ్రవరిలోనే వాళ్ల బల్ల మీద ఉండాలి. బాధ్యత 50 లక్షలు దాటని కంపెనీకి సీఎస్‌ఆర్ కమిటీ అక్కర్లేదు, బోర్డే తేల్చేస్తుంది. చిన్న సంస్థలకు ఇవే నయం. మార్చిలో పిలిచి "31లోగా ఖర్చు చూపించండి" అంటే మాత్రం ఆలోచించుకోండి. పరీక్షల వేళ 12 బడుల్లో మూడు వారాల్లో ప్లంబింగ్ చేయించి బిల్లు ఇవ్వడం అయ్యే పని కాదు.

మెంబ్రేన్:
నేను ప్లాంట్ల గురించే చెబుతాను. ప్రారంభోత్సవం రోజు బోర్డు మెరుస్తుంది, మరుసటి ఏడాదికి కుళాయి ఎండిపోతుంది. మెషిన్‌కు బడ్జెట్ ఉంటుంది, ఫిల్టర్లకు ఉండదు. కరెంటు బిల్లు ఎవరు కట్టాలో ఎవరూ అడగరు. అందుకే మూడేళ్ల ఏఎంసీ (ఏటా నిర్వహణ ఒప్పందం), మెంబ్రేన్ (నీళ్లను వడకట్టే పొర) మార్పు, ఏడాదికి రెండు నీటి పరీక్షలు బడ్జెట్‌లోనే రాయండి. 150 మంది పిల్లలున్న బడికి తలకు లీటరున్నర చొప్పున రోజుకు 225 లీటర్లు. గంటకు 50 లీటర్ల మెషిన్, 500 లీటర్ల ట్యాంకు చాలు. వదిలేసే నీళ్లు దాదాపు శుద్ధయిన నీళ్లంత, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే ఉంటాయి, వాటిని మరుగుదొడ్లకో మొక్కలకో మళ్లించే పైపు కూడా లెక్కలో వేయండి.

ప్రతి బడి నుంచి హెడ్మాస్టర్, పాఠశాల కమిటీ సంతకాలతో అంగీకార పత్రం, విద్యాశాఖ అనుమతి, మూడేసి కొటేషన్లు జత చేయండి. డబ్బు అనుకున్న పనికే ఖర్చయిందని కంపెనీ ఫైనాన్స్ అధికారి సంతకం పెట్టాలి. ఆయనకు ధైర్యం కలిగేలా మీ కాగితాలుండాలి. ప్రాజెక్టుకు విడి లెడ్జర్, ప్రతి బిల్లు మీద ప్రాజెక్టు పేరు స్టాంపు, పనికి ముందూ తర్వాతా ఒకే చోట నిలబడి తీసిన ఫొటోలు, చివర సీఏ ఇచ్చే వినియోగ ధ్రువపత్రం.

జీతాలు 5 శాతం దాటకూడదని ఎవరైనా అంటే, ఆ పరిమితి కంపెనీ సొంత పాలనా ఖర్చులకని మర్యాదగా చెప్పండి. ప్లాంటు చూసుకునే మనిషి జీతం ప్రాజెక్టు ఖర్చే. దాత పేరు బోర్డు మీద రాస్తే జీఎస్టీ పడుతుందేమోనని భయం వద్దు. కృతజ్ఞతగా పేరు రాయడం వరకు పన్ను లేదని 2019 అక్టోబర్‌లో సర్క్యులర్ వచ్చింది. వాళ్ల సరుకుకు ప్రకటనగా రాస్తేనే చిక్కు.

ఇంతకీ ఆ బడుల నీళ్ల టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మోతాదు) ఎంత?

చలివేంద్రం:
సీఎస్‌ఆర్-1 లేదండీ, ఈ వారమే సీఏ దగ్గరకు వెళ్తాం. టీడీఎస్ మీటరుతో మూడు బడుల్లో చూశాం: 340, 410, 1,150.

మెంబ్రేన్:
టీడీఎస్ లెక్కన అయితే మొదటి రెండింటికీ ఆర్‌ఓ అక్కర్లేదు, బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) ఆమోదయోగ్య పరిమితి లీటరుకు 500 మిల్లీగ్రాములు. అక్కడ యూఎఫ్ (సన్నటి వడపోత పొర), యూవీ (అతినీలలోహిత కాంతి) ఫిల్టరు, ట్యాంకు శుభ్రం చాలు. అయితే మీటరు ఉప్పు సంగతే చెబుతుంది, క్రిముల సంగతి చెప్పదు. మిగతా తొమ్మిదింటివీ కలిపి మొత్తం 12 శాంపిళ్లు ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ల్యాబ్‌లో ఇవ్వండి. రిపోర్టులు వచ్చాకే బడ్జెట్ వేయండి. సగం బడులకు ఆర్‌ఓ తీసేస్తే అడిగే మొత్తమే మారిపోతుంది.