తండ్రిని నిలదీసే దృశ్యంలో కొడుకు ఎంత గొంతెత్తాలి?

ప్రశ్న (హన్మకొండ)
ఆర్థర్ మిల్లర్ 1949 నాటి ‘డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్’ను తెలుగు చేసుకుని రిహార్సల్ చేస్తున్నాము. రెండో అంకంలో పెద్దకొడుకు బిఫ్, చనిపోవాలన్న తలంపుతో తండ్రి విల్లీ దాచుకున్న రబ్బరు గొట్టాన్ని జేబులోంచి తీసి అందరి ముందూ బల్ల మీద పెడతాడు. మా నటుడు అక్కడ ఎంతగా అరుస్తున్నాడంటే, చూసేవారికి తండ్రి మీద జాలి కలగకపోగా కొడుకు మీద కోపం వస్తున్నది. తగ్గిస్తే దృశ్యం చప్పబడుతున్నది. ఏం చేయాలి?

జవాబు (కరీంనగర్)
లోపం కొడుకుది కాదు, తల్లి లిండా పాత్రను మీరు తేలికగా తీసుకున్నట్టున్నారు. ఆ గొట్టం సంగతి లిండా మొదటి అంకంలోనే కొడుకులకు చెబుతుంది. రోజూ దాన్ని తీసివేస్తానని, ఆయన ఇల్లు చేరేసరికి మళ్లీ ఉన్నచోటే పెడతానని, ఆయనను అలా అవమానించలేనని అంటుంది. ఆ మాటలను ఏడుపు లేకుండా, బియ్యం ఏరుతూ చెప్పినంత మామూలుగా చెప్పించండి. అప్పుడు గొట్టం బల్ల మీద పడగానే ప్రేక్షకుల చూపు తల్లి వైపు పోతుంది, ఎందుకంటే ఇన్నాళ్లు ఆమె కాపాడిన మర్యాద ఆ క్షణంలోనే పోయింది. విల్లీ దాని వైపు చూడకుండానే ‘ఏమిటది?’ అని అడగాలని మిల్లర్ రాశాడు. చూడకపోవడమే అక్కడ అసలు నటన.

జవాబు (వరంగల్, కాశిబుగ్గ)
ఒక అనుమానం. మీ అనువాదంలో కొడుకు ‘నాన్నగారూ, మీరు’ అంటున్నాడా? మన ఇళ్లల్లో ‘బాపూ, నువ్వు’ అంటాము కదా. ‘మీరు’ అంటూ అరిస్తే కోర్టులో వకీలు వాదించినట్టు ఉంటుంది. విల్లీ వేషధారికి ఇంకొక మాట: పొరుగింటి చార్లీ దగ్గర వారానికి 50 డాలర్లు తెచ్చి జీతమని ఇంట్లో ఇచ్చే మనిషి అతడు. పని పోయినా టిఫిన్ డబ్బా పట్టుకుని పొద్దున్నే బయలుదేరే పెద్దమనుషులు మిల్లు మూతపడిన ఈ ఊరికి కొత్త కాదు. ఆ నడకను గమనించమనండి.

జవాబు (జనగామ)
అరుపును తీసివేయకండి, అది ఏడుపుగా విరిగిపోవాలి. బిఫ్ తండ్రిని పట్టుకుని ఏడిస్తే, విల్లీ దానిని ప్రేమగా గుర్తిస్తాడు కానీ, ఆ ప్రేమకు బదులుగా తన చావుతో వచ్చే 20,000 డాలర్ల బీమా సొమ్ము ఇవ్వాలనుకుంటాడు. ప్రదర్శనకు ముందు, మనసు బాగోలేనివారికి ఫోనులో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలీ మానస్ నంబరు 14416 మైకులో చెప్పించండి. హాల్లో అలాంటి తండ్రి ఎవరైనా కూర్చొని ఉండవచ్చు.

ప్రశ్న అడిగినవారు
నిన్న ‘బాపూ’ అని మార్చి చూశాము. మా కుర్రాడు రెండో మాటకే గొంతు తగ్గించాడు, ఎవరూ చెప్పకుండానే. తల్లి వేషం వేస్తున్న అక్క మాత్రం బియ్యం చాట కావాలని అడుగుతున్నది.