70 ఏళ్లు దాటినా గ్రాండ్ జ్యూరీ వాంగ్మూలాలు బయటపెట్టరా?

చిట్యాల_పెద్దాయన:
అందరికీ నమస్కారం. పోయినేడు అమెరికాలో, అట్లాంటాలో ఉన్న బిడ్డ దగ్గరికి పోయినప్పుడు మా అల్లుడు హైవే పక్కన కారు ఆపి ఒక బోర్డు చూపించిండు. 1946 జులై 25న మూర్స్ ఫోర్డ్ వంతెన దగ్గర నల్లజాతివాళ్లు నలుగురిని, రెండు జంటలను, ముసుగు కూడా వేసుకోని గుంపు కాల్చి చంపిందని దాని మీద రాసి ఉంది. ఆ తేదీ చూసి అక్కడే నిలబడిపోయాను. అదే నెల 4న మన కడవెండిలో, అప్పుడది నల్లగొండ జిల్లానే, దొడ్డి కొమరయ్యను కాల్చి చంపారు. అక్కడేమో గ్రాండ్ జ్యూరీ ముందు వందమందికి పైగా సాక్ష్యం చెప్పినా హత్య కేసు ఎవరి మీదా పడలేదంట, ఆ కాగితాలు ఇప్పటికీ సీలులోనే ఉన్నాయంట. చంపినోళ్లు, చూసినోళ్లు దాదాపు అందరూ పోయాక ఎవరిని కాపాడడానికి ఈ దాపరికం?

నల్లగొండ_వకీలు:
పెద్దాయనా, గ్రాండ్ జ్యూరీ అంటే 16 నుంచి 23 మంది మామూలు జనం, అందులో 12 మంది ఒప్పుకుంటేనే అభియోగం. లోపల జడ్జి ఉండడు, నిందితుడి వకీలు ఉండడు. సాక్షి భయపడకుండా చెప్పాలని, కేసు పడనివాడి పరువు పోవద్దని అమెరికా ఫెడరల్ క్రిమినల్ రూల్స్‌లోని 6(ఇ) కింద అంతా రహస్యం. మన దగ్గర పోలీసుల సీడీ ఫైల్‌ను, అంటే కేసు డైరీని, జడ్జి తిప్పి చూస్తాడు, ఎదురుగా నిలబడ్డ నిందితుడికి మాత్రం అడిగే హక్కు లేదు కదా, చాలావరకు ఆ పద్ధతే. మీరడిగిన కేసులో ఆంథనీ పిచ్ అనే చరిత్రకారుడు కోర్టుకు పోతే 2017లో కింది జడ్జి ఇవ్వమన్నాడు. 2020 మార్చిలో 11వ సర్క్యూట్, అంటే ఆ ప్రాంతపు ఫెడరల్ అప్పీలు కోర్టు, ఫుల్ బెంచ్‌గా కూర్చుని దాన్ని కొట్టేసింది. రూల్‌లో రాసిన మినహాయింపులు తప్ప జడ్జికి సొంత అధికారం లేదని, 1984లో తామే ఇచ్చిన తీర్పును కూడా పక్కనపెట్టింది. అప్పటికే పిచ్ చనిపోయాడు.

పాలమూరు_లా_స్టూడెంట్:
అదే న్యూయార్క్‌లో అయితే వేరేగా ఉండేదన్నా. అక్కడి ఫెడరల్ అప్పీలు కోర్టు 1997లో ఇచ్చిన క్రెయిగ్ తీర్పు ప్రకారం ఎవరు అడుగుతున్నారు, ఎన్నేళ్లయింది, సాక్షులు బతికున్నారా అన్నీ చూస్తారు. అట్లనే 2008లో రోసెన్‌బర్గ్ గూఢచర్యం కేసు కాగితాలు తెరిచారు. నిందితురాలు ఎథెల్ రోసెన్‌బర్గ్ తమ్ముడి భార్య రూత్ గ్రీన్‌గ్లాస్. ఈ రూత్ కోర్టు విచారణలో రహస్యాల నోట్స్ ఎథెల్ టైప్ చేసిందని చెప్పింది, గ్రాండ్ జ్యూరీ ముందేమో ఆ నోట్స్ తానే చేత్తో రాశానని చెప్పింది. ఎథెల్‌కు 1953లోనే మరణశిక్ష అమలు చేసేశారు. 55 ఏళ్ల తర్వాత తెలిసి ఆమెకు ఏం లాభం? నాకైతే కడుపు మండింది. రూత్ భర్త డేవిడ్ ఒప్పుకోలేదని అతని వాంగ్మూలం మాత్రం ఆపి, అతను పోయాక 2015లో ఇచ్చారు. ఇదే సరైన దారి అనిపిస్తుంది. కానీ 2019లో ఇంకో కేసులో వాషింగ్టన్ అప్పీలు కోర్టు కూడా జడ్జికి అధికారం లేదనేసింది, సుప్రీంకోర్టు ఆ అప్పీలు తీసుకోలేదు.

దేవరకొండ_టీచర్:
అందరూ పోయారంటే సరిపోదు సార్. సాక్షి పోయినా కొడుకులు, మనవలు అదే ఊళ్లో ఉంటారు. మీ తాత మా తాత పేరు చెప్పాడట అని రేపు బావి కాడ మాట వస్తే? కొన్నాళ్లు మూసి ఉంచడం తప్పు కాదు, ఎన్నాళ్లు అనేది చట్టంలో రాయాలి. చట్టం ఉంటే దారి దొరుకుతుందని 2025లో అమ్మాయిల అక్రమ రవాణాకు సంబంధించిన ఎప్‌స్టీన్ కేసులో తేలింది, గ్రాండ్ జ్యూరీ కాగితాలు బయటపెట్టడం కుదరదని ముందు జడ్జీలు అన్నారు, నవంబరులో కాంగ్రెస్ చట్టం చేశాక డిసెంబరులో సరే అన్నారు.

చిట్యాల_పెద్దాయన:
టీచరమ్మా, బావి కాడి మాట నిజమే, మా ఊళ్లో ఇప్పటికీ రెండు ఇళ్లు మాట్లాడుకోవు. కానీ చచ్చిపోయిన ఆ నలుగురికీ మనవలు ఉంటారు కదమ్మా, వాళ్లు ఎవరిని అడగాలి?