అన్నయ్యకు హెచ్‌ఐవీ ఉంది, వదినకు లేదు: ఇది జన్యువుల వల్లేనా?

ప్రశ్న

మా పెదనాన్నగారి అబ్బాయికి నాలుగు నెలల క్రితం హెచ్‌ఐవీ ఉన్నట్టు తేలింది. సోకి మూడు నాలుగేళ్లయి ఉండవచ్చని డాక్టరుగారి అభిప్రాయం. వదినకు రెండుసార్లు పరీక్ష చేయిస్తే రెండుసార్లూ లేదనే వచ్చింది. విషయం తెలిసిన ఒకరిద్దరు బంధువులు "కొందరి ఒంటికి ఆ వైరస్ పట్టదు, నీకిక భయం లేదమ్మా" అని ఆమెకు ధైర్యం చెబుతున్నారు. ఆ మాట నమ్మి ఆమె జాగ్రత్తలు వదిలేస్తుందేమోనని నాకు దిగులుగా ఉంది. సీసీఆర్5 అనే జన్యువులో మార్పు ఉన్నవారికి హెచ్‌ఐవీ సోకదని ఎక్కడో చదివాను. అది మనవాళ్లలో ఉంటుందా? ప్రైవేటు ల్యాబులో ఆమెకు ఆ పరీక్ష చేయించమంటారా? ఒకే వైరస్ ఒకరిని రెండు మూడేళ్లలోనే కుంగదీసి, మరొకరిని ఏళ్ల తరబడి ఏమీ చేయకపోవడానికి కారణం ఏమిటో కూడా దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం (జన్యుశాస్త్ర అధ్యాపకుడు)

మీరు చదివింది నిజమే కానీ, అది మీ వదినగారికి వర్తించే అవకాశం చాలా తక్కువ. హెచ్‌ఐవీ మన రక్షక కణంలోకి దూరాలంటే ముందుగా సీడీ4 అనే ప్రొటీన్‌ను పట్టుకొని, ఆ తర్వాత పక్కనే ఉండే సీసీఆర్5ను కూడా పట్టుకోవాలి. 1996లో గుర్తించిన డెల్టా32 అనే మార్పులో ఈ సీసీఆర్5 జన్యువులోని 32 డీఎన్‌ఏ అక్షరాలు ఎగిరిపోయి ఉంటాయి. కణం జన్యువును మూడేసి అక్షరాల చొప్పున చదువుతుంది. 32 మూడుతో భాగించబడదు కనుక, అక్కడి నుంచి చదువు మొత్తం తప్పిపోయి, ప్రొటీన్ సగంలోనే తెగిపోయినట్టు తయారై, కణం పైకి రాకుండా లోపలే ఉండిపోతుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులూ ఇలాగే వచ్చినవారికి హెచ్‌ఐవీ సోకడం చాలా అరుదు. ఒక్క ప్రతి మాత్రమే ఉన్నవారికి సోకుతుంది, అయితే చికిత్స లేని రోజుల్లో వారిలో ఎయిడ్స్ దశ సగటున రెండేళ్ల మేర ఆలస్యమైంది.

రెండు ప్రతులూ ఉన్నవారు ఉత్తర ఐరోపా సంతతిలో సుమారు 1 శాతం. భారతీయుల్లో ఈ మార్పే చాలా అరుదు. పైగా సీఎక్స్‌సీఆర్4 అనే మరో ద్వారం గుండా వెళ్లే వైరస్ రకాలు ఉన్నాయి. రెండు ప్రతులూ ఉండి కూడా వాటి బారిన పడినవారి ఉదంతాలు నమోదయ్యాయి. అందుచేత ఆ పరీక్షకు డబ్బు ఖర్చు పెట్టవద్దని నా సలహా.

మరి వదినగారికి ఎందుకు సోకలేదంటారా? చికిత్స తీసుకోని పురుషుడి నుంచి స్త్రీకి ఒక్కో కలయికలో వైరస్ సోకే సంభావ్యత సగటున 10,000కు 8 మాత్రమే. ఏళ్లు గడిచినా సోకకపోవడానికి చాలాసార్లు ఈ లెక్కే చాలు, ప్రత్యేకమైన జన్యువు ఉండనక్కరలేదు. అయితే భర్త రక్తంలో వైరస్ పెరిగిన రోజున ఆ లెక్క మారిపోతుంది.

రెండవ సమాధానం (వైద్య పరిశోధన విద్యార్థిని)

మీ చివరి ప్రశ్నకు జవాబు ఎక్కువగా హెచ్‌ఎల్‌ఏ జన్యువుల్లో ఉంది. వైరస్ చేరిన కణం, ఆ వైరస్ ప్రొటీన్ ముక్కలను హెచ్‌ఎల్‌ఏ అణువు పైనున్న గాడిలో పెట్టి, వైరస్ చేరిన కణాలను గుర్తించి చంపే టీ కణాలకు చూపిస్తుంది. గాడి ఆకారం మనిషి మనిషికీ వేరు కాబట్టి ఏ ముక్క కనబడుతుందన్నదీ వేరే. హెచ్‌ఎల్‌ఏలోని బి57, బి27 అనే రకాలు వైరస్ లోపలి కవచం నుంచి, అది సులభంగా మార్చుకోలేని ముక్కలను పట్టి చూపిస్తాయి. తప్పించుకోవడానికి వైరస్ ఆ ముక్కను మార్చుకుంటే దాని కవచమే బలహీనపడి, వృద్ధి మందగిస్తుంది. మందులు లేకుండానే వైరస్‌ను అదుపులో ఉంచుకోగలిగే, నూటికి ఒకరి కంటే తక్కువమందిలో బి57 ఉన్నవారు ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే. బి35లోని కొన్ని రకాలు ఉన్నవారిలో మాత్రం వ్యాధి వేగంగా ముదురుతుంది. 2010లో వెలువడిన పెద్ద అంతర్జాతీయ అధ్యయనం, ఈ తేడాలో ప్రధాన పాత్ర హెచ్‌ఎల్‌ఏ-బి గాడిలోని కొన్ని అమైనో ఆమ్లాలదేనని, ముఖ్యంగా 97వ స్థానానిదని చూపించింది.

పైన చెప్పిన బి57లోనే ఒక రకమైన బి57:01 ఉన్నవారికి అబాకవిర్ అనే హెచ్‌ఐవీ మందు పడకపోతే ప్రాణాపాయం కలగవచ్చు. ఆ మందు మొదలుపెట్టే ముందు ఈ జన్యువును పరీక్షించడం నిజంగా ఉపయోగపడే పరీక్ష. డాక్టరు అడిగితే తప్పక చేయించండి.

మూడవ సమాధానం (హెచ్‌ఐవీ మందులు ఇచ్చే ఏఆర్‌టీ కేంద్రంలో కౌన్సెలర్‌గా పనిచేశాను)

పై ఇద్దరూ చెప్పినవి మీ వదినగారికి నెమ్మదిగా చదివి వినిపించండి. "నా భార్యకు అంటదు" అన్న నమ్మకంతో భర్త మందులు ఆలస్యం చేసిన కుటుంబాలను నేను చూశాను. ఏడాది తర్వాత ఆమె రిపోర్టు చేతిలో పెట్టుకొని ఎదురుగా కూర్చోవడం నాకు చాలా కష్టమనిపించేది.

ఆమెను కాపాడేది మీ అన్నయ్యగారి మాత్రలు. చెన్నై, పుణె కేంద్రాలు కూడా పాల్గొన్న హెచ్‌పీటీఎన్ 052 అధ్యయనంలో, ఒకరికే హెచ్‌ఐవీ ఉండి, వారికి ముందుగా చికిత్స మొదలుపెట్టిన జంటల్లో వైరస్ సంక్రమణ 96 శాతం తగ్గిందని 2011లో తేలింది. వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ మోతాదు, పరీక్షకు అందనంతగా తగ్గి, అలాగే నిలిచినవారి నుంచి లైంగికంగా సోకదని తర్వాతి అధ్యయనాలు స్థిరపరిచాయి. మన దేశంలో 2017 నుంచి రక్తంలో సీడీ4 రక్షక కణాల సంఖ్య ఎంత ఉన్నా అందరికీ మందులు ఉచితంగానే మొదలుపెడుతున్నారు. వైరల్ లోడ్ తగ్గిందని కాగితం వచ్చేదాకా కండోమ్ మానవద్దు. వదినగారికి క్రమం తప్పకుండా పరీక్ష చేయించండి. ఇంకొక మాట: బంధువులకు ఈ విషయం ఎలా తెలిసిందో కనుక్కోండి, ఎందుకంటే ఆయన సమ్మతి లేకుండా బయటపెట్టడాన్ని 2017 నాటి చట్టం నిషేధిస్తోంది.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ ధన్యవాదాలు. అన్నయ్య మందులు మొదలుపెట్టి మూడు నెలలైంది, వైరల్ లోడ్ పరీక్ష ఇంకా కాలేదు. జన్యు పరీక్ష ఆలోచన మానుకున్నాం. 10,000కు 8 అన్న లెక్క వదినకు చెప్పగానే, "అయితే నాది ఇన్నాళ్లూ అదృష్టమేనన్నమాట" అని కాసేపు మౌనంగా ఉండి, తన తదుపరి పరీక్ష తేదీని వంటింటి క్యాలెండరులో తానే గుర్తు పెట్టుకుంది.