ట్రాక్షన్ అవాంట్ మేలా, డీఎస్ మేలా? సొంత చేత్తో రిపేరు చేసుకునేవాళ్ళు చెప్పండి

పాతచక్రం
1934 నాటి ట్రాక్షన్ అవాంట్, 1955లో వచ్చిన డీఎస్. రెండూ ఫ్రెంచి కంపెనీ సిట్రోయెన్ కార్లే, రెంటికీ రూపం డిజైనర్ బెర్టోనీది, ఇంజినీరింగ్ లెఫెవ్ర్‌ది. ఇంటి షెడ్డులో నిలబెట్టుకోడానికి నా ఓటు ట్రాక్షన్‌కే. టోర్షన్ బార్ల (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీల) సస్పెన్షన్, పంపు లేదు, గ్యాస్ లేదు. డీఎస్‌లో అన్నీ పంపు తోసే హైడ్రాలిక్ నూనె మీదే; ఆ ఒక్క పంపు పడుకుంటే సస్పెన్షన్, స్టీరింగ్, బ్రేకులు అన్నీ దాంతోపాటే.

పచ్చనూనె
పంపు అంత తేలిగ్గా పడుకోదండీ. ఆగినా నిల్వ ఒత్తిడితో కొన్నిసార్లు బ్రేకు పడుతుంది. డీఎస్‌ని పాడుచేసేది నూనె తికమక. 1966 సెప్టెంబరు దాకా ఎర్ర ఎల్‌హెచ్‌ఎస్, ఆ తర్వాత పచ్చ ఎల్‌హెచ్‌ఎం. ఎర్రదాని బండిలో పచ్చది పోశారా, రబ్బరు సీళ్ళన్నీ ఉబ్బి మొత్తం విప్పాల్సిందే. ఎర్రదానికి తేమ పీల్చే గుణం కూడా ఉంది, పైపులు లోపలినుంచి తుప్పుపడతాయి. కొంటే పచ్చదే కొనండి.

పరీక్ష సులువు. ఇంజిన్ ఐడిల్‌లో ఉంచి రెగ్యులేటర్ (నూనె ఒత్తిడిని అదుపులో ఉంచే భాగం) టిక్కుమనడం వినండి. అర నిమిషానికోసారి అయితే బాగున్నట్టు. నాలుగైదు సెకన్లకే టిక్కుమంటే ముందు అక్యుమ్యులేటర్ స్ఫియర్ (ఒత్తిడిని నిల్వచేసే గుండ్రటి డబ్బా) మార్చండి, అందులో నైట్రోజన్ అయిపోయింది. మార్చినా తగ్గకపోతే లోపల ఎక్కడో లీకు. మార్చేముందు బండిని పూర్తిగా కిందికి దించి, రెగ్యులేటర్ మీది స్క్రూ ఒక చుట్టు వదులుచేసి ఒత్తిడి తీసెయ్యాలి. కొత్త సీలు వేసి చేత్తో బిగిస్తే చాలు. రెంచితో బిగిస్తే మళ్ళీ విప్పేటప్పుడు ఏడుపే.

మూడోగేరు
ట్రాక్షన్ అమాయకురాలేం కాదు గురూ. ముందు చక్రాల బ్రేకు డ్రమ్ము టేపర్ (చివరికి సన్నబడే ఇరుసు) మీద బిగుసుకుని ఉంటుంది, సరైన పుల్లర్ లేకుండా సుత్తితో కొడితే డ్రమ్ము పగులుతుంది. ముందు డ్రైవ్‌షాఫ్టు జాయింట్లకి గ్రీజు మరిచిపోతే మలుపులో టకటకమంటాయి. అన్నిటికన్నా లైనర్లు (పిస్టన్లు ఆడే విడి గొట్టాలు): హెడ్ విప్పాక వాటిని క్లాంపులతో పట్టించకుండా క్రాంక్ తిప్పితే లైనర్ లేస్తుంది, కింద గ్యాస్కెట్ పోయి నీళ్ళు ఇంజిన్ అడుగున నూనె ఉండే సంపులోకి దిగుతాయి.

పాతచక్రం
ఒప్పుకుంటా. కానీ ఆ లైనర్ల గొడవ మీ డీఎస్‌లోనూ ఉందిగా! తొలి డీఎస్19 ఇంజిన్ ట్రాక్షన్‌దే: 78 మి.మీ. బోరు, 100 మి.మీ. స్ట్రోకు, అదే 1911 సీసీ. పైన అల్యూమినియం హెడ్ పెట్టి 75 హార్స్‌పవర్ లాగారు, అంతే.

తుప్పుశత్రువు
ఇద్దరూ ఇంజిన్ చుట్టే తిరుగుతున్నారు. రెండు బళ్ళలోనూ డబ్బు తినేది తలుపుల కింది సిల్లు. డీఎస్‌లో కనీసం చూడటం సులువు, వెనక ఫెండర్ ఒక్క బోల్టుతో ఊడొస్తుంది. ఊడదీసి స్క్రూడ్రైవర్‌తో పొడవండి. గుచ్చుకుపోతే బేరమాడొద్దు, వెనక్కి వచ్చెయ్యండి.

మూడోగేరు
ఇంకోటి. 1954లో ట్రాక్షన్ 15-సిక్స్ హెచ్‌కి వెనకపక్క హైడ్రాలిక్ సస్పెన్షన్ వచ్చింది. దాన్ని ఎవరి లెక్కలో వేద్దాం?

పచ్చనూనె
మా లెక్కలోనే. అన్నట్టు, ఏ బండైనా హైడ్రాలిక్ మీద లేచి ఉండగా కిందికి దూరకండి. స్టాండ్లు పెట్టాకే.