మూడు రాత్రులుగా మౌనంగా నడుస్తున్న జాన్ ది రిప్పర్: పని ఎంతవరకు వచ్చిందో తెలిసేది ఎలా?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి)

మా తాతగారి భూమి కాగితాలను 2013లో స్కాన్ చేయించి, పాస్‌వర్డ్ పెట్టి జిప్ ఫైలుగా దాచుకున్నాను. ఆ పాస్‌వర్డును ఇప్పుడు నేనే మరిచిపోయాను. జిప్‌టూజాన్ అనే సాధనంతో హ్యాష్ (ఊహించిన పాస్‌వర్డు సరైనదో కాదో సరిచూసుకోవడానికి కావలసిన సమాచారం) తీసి, లినక్స్ ల్యాప్‌టాప్‌లో పాస్‌వర్డులు వెతికే ప్రోగ్రామ్ అయిన జాన్ ది రిప్పర్ జంబో వెర్షనును ఇంక్రిమెంటల్ పద్ధతిలో, అంటే అక్షరాల కలయికలన్నీ ప్రయత్నిస్తూ పోయే తీరులో, నడుపుతున్నాను. మొదట నాలుగైదు వరుసలు వచ్చాయి, ఆ తరువాత తెర మీద ఏ కదలికా లేదు. ఫ్యాను మోత వినబడుతోంది కాబట్టి ప్రాణం ఉందనే అనుకుంటున్నాను. నిన్న రాత్రి కరెంటు పోయి ల్యాప్‌టాప్ ఆగిపోతే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టవలసి వచ్చింది. ఎంత శాతం పూర్తయిందో ఇది చెప్పదా?

జవాబు (బరంపురం నుంచి)

అడిగితే చెబుతుందండీ, తనంతట తాను చెప్పదు. అది నడుస్తున్న టెర్మినల్‌లో స్పేస్ నొక్కండి. గడిచిన సమయం, సెకనుకు ప్రయత్నిస్తున్న పాస్‌వర్డుల సంఖ్య, ఆ క్షణాన పరీక్షిస్తున్న మాటలు ఒకే వరుసలో వస్తాయి. క్యూ (q) అక్షరం మాత్రం నొక్కకండి, అది పనిని ఆపేస్తుంది. ప్రతిసారీ నొక్కే ఓపిక లేకపోతే, ప్రోగ్రెస్ ఎవ్రీ ఆప్షన్‌కు 60 ఇస్తే నిమిషానికొకసారి ఆ వరుస దానంతట అదే పడుతుంది.

కరెంటు సంగతికి వస్తే, మీరు మొదటికి వెళ్ళనక్కరలేదు. జాన్ తన స్థితిని అప్పుడప్పుడు ఒక ఫైలులో రాసుకుంటుంది. రీస్టోర్ ఆప్షన్ ఒక్కటే ఇచ్చి, మరే ఆప్షనూ జత చేయకుండా నడిపితే అక్కడి నుంచి అందుకుంటుంది. సెషన్‌కు, అంటే ఆ విడత వెతుకులాటకు, పేరు పెట్టకుండా కొత్తగా మొదలుపెడితే పాత ఫైలు మీదనే రాసేస్తుంది. నిన్న మీకు జరిగింది బహుశా అదే.

జవాబు (సిరొంచ నుంచి)

పై సలహా సరైనదే కానీ, ఇంక్రిమెంటల్‌లో స్పేస్ నొక్కినా శాతం కనిపించదు. మొత్తం ఎంతో తెలిస్తేనే కదా అందులో భాగం లెక్కకు వచ్చేది. పైగా మీ జిప్‌కు వేసిన తాళం ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి అయితే ఒక్కొక్క పాస్‌వర్డుకు 1000 ఆవృత్తుల గణన చేయాలి, కాబట్టి గుడ్డిగా వెతకడం ల్యాప్‌టాప్‌కు భారమే. ఆ రోజుల్లో పాస్‌వర్డులు ఏ తీరున పెట్టుకునేవారో గుర్తుందా?

ప్రశ్న అడిగినవారు

నాలుగు చిన్న ఇంగ్లీషు అక్షరాలు, వెనుక నాలుగు అంకెలు. అంతవరకు నమ్మకంగా చెప్పగలను.

జవాబు (సిరొంచ నుంచి)

అయితే మాస్క్ పద్ధతికి మారండి, అందులో ఏ స్థానంలో ఏ రకం అక్షరం ఉండాలో ముందే చెప్పవచ్చు. చిన్న అక్షరాలూ అంకెలూ ఎలాగైనా కలిసే 8 స్థానాలకు దాదాపు 2,82,111 కోట్ల అవకాశాలుంటే, మీ తీరుకు 457 కోట్లు చాలు. మొత్తం తెలిసిపోయింది కనుక శాతమూ, ముగిసే సమయమూ రెండూ కనిపిస్తాయి.

ప్రశ్న అడిగినవారు

సెషన్‌కు పేరు పెట్టి మాస్క్‌తో మొదలుపెట్టాను. సెకనుకు 21 వేల చొప్పున నడుస్తోంది. తెర మీద 3 శాతం చూపిస్తూ, పూర్తిగా వెతకడానికి ఇంకా రెండున్నర రోజులు పడుతుందంటోంది. ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్ళు పోసి వచ్చాను.